నత్తకూ నట్టకూ నడుమ

తప్పు వినబడితే నా నాలుక ఊరుకోదు. బడిలో పిల్లల నోటుపుస్తకాలు ఎర్ర సిరాతో దిద్దీ దిద్దీ అదొక జబ్బులా పట్టుకుంది. పెళ్ళిపత్రిక చేతికిస్తే ముహూర్తం కన్నా ముందు అచ్చుతప్పు చూస్తాను. బస్సు మీద రాసిన ఊరి పేరులో ఒత్తు తప్పితే కండక్టరుతో వాదానికి దిగుతాను. "నిన్ను చేసుకున్నంక నేను ఇంట్ల మాట్లాడుడే తగ్గిచ్చిన" అంటాడు మా ఆయన. సిద్దిపేటలో ఆయనకు మోటార్లకు వైండింగు చేసే దుకాణం ఉంది. మాట్లాడవలసిందంతా అక్కడే మాట్లాడుకుని వస్తాడు కాబట్టి నేను పెద్దగా బాధపడను.

తప్పించుకోలేకపోయింది మా అత్తమ్మ. మేం ముగ్గురం ఒకే ఇంట్లో, సిద్దిపేట నుంచి నంగునూరు పోయే దారిలో ఒక ఊళ్ళో ఉంటాం. నేను బండి మీద పక్క ఊరి హైస్కూలుకు పోయి జీవశాస్త్రం చెప్తాను. ఆమె గొర్రెలు మేపుతుంది. ఆమె బడి ముఖం చూడలేదు, అయినా ఏ గొర్రె ఏ గొర్రెకు పుట్టిందో ఐదు తరాలు తడుముకోకుండా చెప్తుంది. నన్ను "పంతులమ్మా" అని పిలుస్తుంది. ముద్దొచ్చినా అదే పిలుపు, కోపమొచ్చినా అదే పిలుపు, గొంతు మారుతుందంతే.

ఈ కథ నాటికి ఆమెకు ఇరవై ఆరు గొర్రెలుండేవి. పెళ్ళయి వచ్చేటప్పుడు వాళ్ళ నాయన వెంట తోలి పంపిన రెండు ఆడగొర్రెల సంతానం అవన్నీ. ఇంట్లో బీరువా తాళం నా దగ్గర ఉంటుంది. పొలం పాసుబుక్కు మా ఆయన పేరు మీద ఉంటుంది. ఇది నాది అని ఆమె చెయ్యి పెట్టి చెప్పగలిగింది ఆ మంద ఒక్కటే.

ఆ మంద పోయేదాకా వచ్చింది, ఒక్క అక్షరం వల్ల.

ఎండాకాలం సెలవులు. ఇదివరకైతే శివరాత్రి దాటాక మా ఊరి చెరువులో నెర్రెలు తప్ప ఏమీ మిగిలేది కాదు. కాలువ నీళ్ళు వచ్చినప్పటి నుంచి రోహిణి కార్తెలో కూడా నీళ్ళుంటున్నాయి. నీళ్ళు కొద్దిగా వెనక్కి జరిగిన చోట శిఖం బయటపడుతుంది. శిఖమంటే చెరువు నిండితే మునిగే నేల. ఆ తడి నేల మీద లేత గడ్డి మొలుస్తుంది, ఆ పచ్చదనం చూస్తే మనిషికే మెయ్యాలనిపిస్తుంది. మా అత్తమ్మ మాత్రం ఆ పచ్చటి ఒడ్డును పక్కన పెట్టి, ఎక్కడో గుట్ట కింద ఎండిన బీడులో మందను తిప్పుకుని, పెదాలు పగిలి ఇంటికొచ్చేది. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు ఆగలేకపోయాను.

"ఒడ్డున పచ్చటి గడ్డి పెట్టుకోని, గీ ఎండల ఆ బీట్లెందుకు తిరుగుతున్నవత్తమ్మా?"

"ఒడ్డుకు వద్దు బిడ్డా. నత్తల రోగం వస్తది."

వాకిట్లో మా పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. నాకు నవ్వాగలేదు.

"నత్తలు కాదత్తమ్మా, నట్టలు! నట్టలు గొర్రె కడుపుల ఉంటయి. నత్తలు చెరువుల ఉంటయి. నత్త పోయి గొర్రె కడుపుల ఎట్ల గూసుంటది?"

పక్కింటి వాళ్ళు పకపకా నవ్వారు. నట్టలంటే పశువుల కడుపులో పెరిగే పురుగులు, మా దిక్కు అందరికీ తెలిసిన మాట. ఏడాదికి రెండుసార్లు ఊళ్ళో నట్టల మందు పోస్తారు. మా గొర్రెలకు పోసి అప్పటికి నెల కూడా కాలేదు. "మందు పోసినంక ఇంకేం రోగం?" అన్నాను. బోర్డు ముందు నిలబడ్డప్పటి గొంతు నాది.

"మా నాయిన నత్తల రోగమనే అనేటోడు" అని సన్నగా గొణిగి ఊరుకుంది ఆమె.

వారం తిరగకుండా మంద ఒడ్డుకు దిగింది. గొర్రెలు కడుపునిండా మేసి వస్తుంటే నాకు గర్వంగా ఉండేది. ఒకరోజు చెరువు కట్ట మీద బండి ఆపి ఫోటో కూడా తీశాను: నీలం నీళ్ళు, పచ్చ గడ్డి, నల్ల గొర్రెలు, నడుమ కర్ర పట్టుకుని మా అత్తమ్మ. అప్పటి నుంచి ఆమె "నట్టలు" అనడం మొదలుపెట్టింది. ‘ట’ దగ్గర కొంచెం ఆగేది, సరిగ్గా వచ్చిందా అన్నట్టు నా ముఖం చూసేది. నేను తల ఊపేదాన్ని.

బతుకమ్మ పండుగ నాటికి గొర్రెలు చిక్కిపోవడం కనిపించింది. మేత తగ్గలేదు, నీళ్ళు తగ్గలేదు. సాయంత్రం మేసి వచ్చేసరికి కొన్నిటికి దవడ కింద నీళ్ళ సంచి వేలాడేది. అత్తమ్మ ఒక్కో గొర్రె తల ఒడిలో పెట్టుకుని, కింది రెప్ప వేలితో లాగి చూపేది. ఎర్రగా ఉండవలసిన చోట సున్నం గోడలా తెల్లగా ఉంది. "రకుతం లేదు" అనేది. నేను పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన ఏదో ఊళ్ళో క్యాంపులో ఉన్నాడు. "ఏంది సమస్య?" అంటే "నట్టలేమో సార్" అన్నాను. "అయితే ఆ మందే మల్లొకసారి పోయుండ్రి, నేను వచ్చి చూస్త" అన్నాడు. పోశాం. దీపావళి దాటేలోపు నాలుగు గొర్రెలు చచ్చిపోయాయి.

మా ఆయన చెడ్డవాడు కాదు. లెక్క తెలిసిన మనిషి. "అవ్వా, అన్ని సచ్చేదాంక చూసుడెందుకు? వచ్చే అంగడికి తోలుదం. మంచి కాలమొస్తే మల్ల కొందం" అన్నాడు. ఆమె లేచి దొడ్డిలోకి పోయి గొర్రెల నడుమ కూర్చుంది. అన్నానికి పిలిస్తే "ఆకలైతలేదు" అంది. ఆమె ఆకలి లేదనడం నా కాపురంలో అదే మొదటిసారి. నాకు భయమేసింది.

అంగడికి ఇంకా నాలుగు రోజులుందనగా, ఆదివారం పొద్దున, బొల్లిది చచ్చిపోయింది. ముఖం మీద తెల్ల మచ్చ ఉన్న గొర్రె అది. మంద ఎటు పోవాలన్నా ముందు నడిచేది అదే. అత్తమ్మ ఏడవలేదు. పాతిపెట్టే ముందు దొడ్డి వెనక తానే కోసింది. కాసేపటికి నన్ను కేకేసింది.

"ఓ పంతులమ్మా! సదువుకున్నవు గద, గిదేందో వచ్చి జూడు."

పళ్ళెంలో గొర్రె కార్జం, అంటే కాలేయం, పెట్టి ఉంది. మెత్తగా, జారుడుగా ఉండవలసింది గట్టిపడి గడ్డలు గడ్డలుగా ఉంది. ఆమె బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. లోపలి గొట్టంలోంచి ఒక ఆకు జారి పళ్ళెంలో పడింది. బూడిద రంగు ఆకు, నా బొటనవేలి గోరు కన్నా పెద్దది. అది కదిలింది.

నిజం చెప్తున్నాను, నేను చప్పట్లు కొట్టాను. చచ్చిన గొర్రె పక్కన, ఆమె కళ్ళముందు, చిన్నపిల్లలా గెంతి చప్పట్లు కొట్టాను. కార్జపు జలగ! డిగ్రీలో పది మార్కుల ప్రశ్న! దాని బొమ్మ కళ్ళు మూసుకుని గీయగలను. ముందు చూషకం, కడుపు దగ్గర ఇంకో చూషకం, కొమ్మలు కొమ్మలుగా చీలిన పేగు. కానీ పదకొండేళ్ళుగా పరాన్నజీవుల పాఠం చెప్తూ ఒక్కదాన్ని కూడా ప్రాణంతో చూడలేదు. ఇప్పుడది మా ఇంటి స్టీలు పళ్ళెంలో అంచులు ముడుచుకుంటోంది. "కదులుతుందత్తమ్మా! సూడు, సూడు, బతికే ఉంది!" అని అరిచాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గంత సంబురమైతుందా?" అంది.

సిగ్గుతో నా చేతులు కిందికి దిగిపోయాయి. కాని కళ్ళు మాత్రం పళ్ళెం మీది నుంచి కదలలేదు. ఆమె నొక్కుతూనే ఉంది, అవి వస్తూనే ఉన్నాయి. పదీ పదిహేను కాదు, లెక్కపెట్టడం మానేశాను.

"గివే" అంది ఆమె. "నా చిన్నప్పుడు మా నాయిన గిట్లనే కోసి జూపిచ్చిండు."

"మరి ఇవి యాడికెల్లి వస్తయని చెప్పిండు?" అని అడిగాను. అడిగిన మరుక్షణం జవాబు నా తలలోనే గంట కొట్టినట్టు మోగింది. పుస్తకంలో రెండో బొమ్మ. బాణం గుర్తు. దాని కింద నేనే వందసార్లు బోర్డు మీద రాసిన వాక్యం: మాధ్యమిక అతిథేయి, నత్త.

నేను తలెత్తి చెరువు దిక్కు చూశాను.

నత్తల రోగం. ఆమె తప్పు పలకలేదు. ఆమెకు నట్ట వేరని తెలుసు, నత్త వేరని తెలుసు. ఏ రోగానికి ఏది కారణమో తెలిసి, ఆ పేరు పెట్టిన మనుషుల బిడ్డ ఆమె. పాఠం నాకూ వచ్చు, ఆమెకూ వచ్చు. తేడా ఏమిటంటే నా నత్త పుస్తకంలో ఉండిపోయింది, ఆమె నత్త చెరువు ఒడ్డున ఉంది. ఆ ఒడ్డుకు మందను తోలించింది నేను. తోలించి ఫోటో తీసుకున్నదీ నేనే.

ఆ మాట వెంటనే ఆమెతో అనాలి కదా? అనలేదు. తప్పు పట్టడం వచ్చినంత సులువుగా ఒప్పుకోవడం రాదు. దానికి బదులు ఆవేశంగా "రుజువు చేద్దాం" అన్నాను. సాయంత్రం మా ఆయనకు చెప్తే "నత్తకు, కార్జానికి ఏం సంబంధమే? మొన్న నువ్వే నవ్వితివి గద" అన్నాడు. నిజమే, ఆ నవ్వు ఊరంతా పాకింది. కళ్ళతో చూపిస్తే తప్ప ఆయన అంగడి మానడు.

సోమవారం బడికి సెలవు పెట్టాను. బడి భూతద్దం ముందు రోజే మా హెడ్మాస్టరు ఇంటికి పోయి అడిగి తెచ్చుకున్నాను. అత్తా కోడళ్ళం బకెట్ పట్టుకుని చెరువుకు పోయాం. నేను చీర ఎత్తి కట్టి మోకాలి లోతు నీళ్ళలో దిగి, కనబడ్డ నత్తనల్లా బకెట్లో వేస్తున్నాను. పిడికెడంత లావువి దొరికాయి, మురిసిపోయాను. అత్తమ్మ వచ్చి బకెట్లో చెయ్యి పెట్టి వాటన్నిటినీ మళ్ళీ నీళ్ళలో పారేసింది.

"గివి కావు పంతులమ్మా. గివాటిని కూర వండుకుంటరు. గా సన్నయి కావాలె."

తుంగ మొదట్లో, నీటి అంచున అంటుకుని ఉన్నాయి ఆమె చెప్పినవి. వేలికొనంత ఉంటాయి, పలచటి గోధుమరంగు డొల్ల, వెడల్పాటి నోరు. గట్టిగా పట్టుకుంటే పగిలిపోతాయేమో అన్నట్టున్నాయి. పుస్తకంలో బొమ్మ అచ్చం ఇదే! మళ్ళీ చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను. ఒక్క గంటలో పదకొండు ఏరింది ఆమె. నేను ఏరినవి రెండు, అందులో ఒకటి ఖాళీ డొల్ల.

ఇంటికొచ్చి నా పెళ్ళికి వచ్చిన పన్నెండు గాజు గ్లాసుల సెట్టు బయటికి తీశాను. ఒక్కో గ్లాసులో శుభ్రమైన నీళ్ళు, ఒక్కో నత్త. వంటింటి కిటికీలో ఎండ తగిలేలా వరసగా పెట్టాను. జబ్బున్న నత్త లోపలి నుంచి జలగ పిల్లలు నీళ్ళలోకి వస్తాయని పుస్తకం చెప్పింది. ఎన్ని గంటలకు వస్తాయో చెప్పలేదు. మేమిద్దరం రెండు పీటలు వేసుకుని కూర్చున్నాం.

కూర్చున్నంతసేపూ నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆనందం పట్టలేక. గొర్రె పెంటికలో జలగ గుడ్లు పడతాయని, వానకు కొట్టుకుపోయి చెరువులో చేరతాయని, గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఈదుకుంటూ పోయి నత్తను వెతికి పట్టుకుని ఒంట్లో దూరుతుందని చెప్పాను. "ఒక్కటి లోపలికి పోతదత్తమ్మా. వందలై బయటికి వస్తది!" ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

"మరి నత్త ఊకుంటదా?"

"ఏం చేస్తది పాపం? లోపల ఆ సంత నడుస్తుంటే అది గుడ్లు పెట్టుడే మర్చిపోతదట."

"అయ్యో. గొర్రె లెక్కనే అదిగుడ." ఆమె నత్తల వైపు కొత్తగా చూసింది. నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్తున్నాను, ఏ తరగతిలోనూ ఏ పిల్లా అంత మంచి మాట అనలేదు. మేమందరం నత్తను దొంగగానే చూశాం. ఆమె ఒక్కతే దాన్ని కూడా ఇల్లు పోగొట్టుకున్న దానిలా చూసింది.

పరాన్నజీవి అన్న మాట ఆమెకు విడగొట్టి చెప్పాను, పరుల అన్నం తిని బతికేది అని. అన్నం పెట్టేవాడు అతిథేయి. "పిలువకుండ వచ్చిన సుట్టమన్నట్టు" అంది. "తిన్నింటి వాసాలు లెక్కబెట్టేది గద గిది!" లేదు, అన్నాను. జలగకు తెలివి ఎక్కువ, వాసాల జోలికి పోదు. ఇల్లు కూలితే దానికీ చావే. ఒకటీ అరా ఉంటే గొర్రె తానూ బతికి దాన్నీ బతికిస్తుంది. ఇదివరకు ఏటా చెరువు ఎండేది, నత్తలు సగం చచ్చేవి, లెక్క సరిపోయేది. ఇప్పుడు ఏడాదంతా నీళ్ళు. ఊరికి మేలు జరిగింది. ఊరితో పాటు నత్తకూ జరిగింది, నత్తతో పాటు జలగకూ జరిగింది. ఇదంతా చెప్తూ చెప్తూ పచ్చగడ్డి దగ్గరికి వచ్చేసరికి పాఠం ఆపి, వరస తప్పిన గ్లాసు ఒకటి సర్దాను. ఆమె గమనించనట్టు గ్లాసులు చూస్తోంది.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఒక్క నత్తా నా మాట వినలేదు. మూడు నత్తలు గ్లాసు గోడెక్కి బయటికి రాబోయాయి, ఒకటి నేల మీద పడితే ఎత్తి మళ్ళీ గ్లాసులో వేశాను. నాకు చిర్రెత్తింది. "బుద్ధిలేని నత్తలు" అని తిట్టాను. "నత్తకు తొందరెక్కడిది బిడ్డా" అంది ఆమె.

ఒంటిగంట దాటాక ఏడో గ్లాసులో నీళ్ళు మసకబారాయి. ముందు దుమ్మనుకున్నాను. భూతద్దం పెట్టాను. దుమ్ముకు తోకలున్నాయి!

"వచ్చినయ్! వచ్చినయత్తమ్మా!"

తెల్లటి చుక్కలు, ఒక్కోదానికి సన్నటి తోక. కొరడా ఝళిపించినట్టు తోకలు కొట్టుకుంటూ గ్లాసంతా కలియదిరుగుతున్నాయి. నీళ్ళు బాగా కనబడాలని నత్తను తీసి పక్క గ్లాసులో వేశాను. ఆమెకు భూతద్దం ఇచ్చాను. ఒక కన్ను మూసి, నోరు తెరిచి, గ్లాసుకు ముక్కు ఆనించి చూసింది. ఎంతసేపు చూసిందో! నేను పక్కన కాలు నిలవక తిరుగుతున్నాను. ఉన్నట్టుండి ఆమె కేక పెట్టింది.

"ఓరి నీ! తోక ఊడగొట్టుకున్నదే!"

లాక్కుని చూశాను. నిజమే. ఒకటి గ్లాసు గోడకు అంటుకుంది. ఒళ్ళు గుండ్రంగా చుట్టుకుంది, తోక విదిలించి పారేసింది. ఆ తోక ఒక్కటీ ఇంకా కాసేపు నీళ్ళలో కొట్టుకుంటూనే ఉంది. తర్వాత ఇంకోటి. ఇంకోటి. గోడ మీద చిన్న చిన్న ముత్యాలు. నేను ఇక పాఠం మొదలుపెట్టబోయాను, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నేను జెప్త. గివి గడ్డికి అంటుకుంటయి. గొర్రె గడ్డితోని మింగుతది. గంతేనా?"

"గంతే! ఎట్ల తెలిసింది?"

"గిలాసకు అంటుకున్నది గడ్డికి అంటుకోదా?" అంది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. నేను ఆమెను గట్టిగా వాటేసుకున్నాను. మా ఇంట్లో అత్తా కోడళ్ళు వాటేసుకోవడం కొత్త. ఇద్దరికీ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

అంతలో మా ఆయన సిద్దిపేట నుంచి అన్నానికి వచ్చాడు. ఎండన పడి వచ్చినవాడు నేరుగా వంటింట్లోకి వచ్చి, "దూప అయితుంది" అంటూ కిటికీలో గ్లాసు అందుకున్నాడు. పన్నెండింటిలో నత్త లేని గ్లాసు ఒక్కటే ఉంది. అదే ఏడోది. పెదాల దాకా వెళ్ళింది.

అత్తమ్మ అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె చేతి దెబ్బకు గ్లాసు గోడకు తగిలి బద్దలైంది.

"నీ కార్జంల కాపురం పెడుతయిరా కొడుకా!"

ఆయన తడిసిన చొక్కాతో, తెరిచిన నోటితో నిలబడిపోయాడు. నేను గ్లాసు ముక్క ఒకటి జాగ్రత్తగా ఎత్తి, దానికి అంటుకున్న ముత్యాలు భూతద్దంలో చూపించాను. అప్పుడే పదో గ్లాసులో కూడా దుమ్ము లేచింది, ఆ తోకలు కూడా చూపించాను. ఇవే గొర్రెకు పోయేవి, మనిషికీ పోవచ్చు అన్నాను. ఆయన పెదాలు మూడుసార్లు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం అంగడి మాట ఎత్తకుండా, డాక్టరుకు తానే ఫోన్ చేశాడు. ఆ గ్లాసులన్నీ చెరువుకు దూరంగా గుంట తీసి పాతిపెట్టాం. నా పెళ్ళి సెట్టు అలా పోయింది, కించిత్తు బాధ లేదు.

మంగళవారం పొద్దున నేనూ అత్తమ్మా బండి మీద పశువుల దవాఖానకు పోయాం. వెనక కూర్చుని పెంటికల కవరు ప్రసాదంలా ఒళ్ళో పట్టుకుంది ఆమె. డాక్టరు పెంటిక కరిగించి, మైక్రోస్కోపు కింద పెట్టి, "ఉన్నయి" అన్నాడు. నన్ను చూడమన్నాడు, ఆమెనూ చూడమన్నాడు. బంగారు రంగు గుడ్లు, ఒక వైపు చిన్న మూత. "ముద్దుగనే ఉన్నయి ముండలు" అందామె. కడుపులో నట్టలకు పోసే మందు వేరు, కార్జంలో జలగకు పోసే మందు వేరు అన్నాడాయన. మేం రెండుసార్లు పోసింది మొదటిది. రెండోది ఆ రోజే ఇచ్చాడు. గొర్రెలేమయ్యాయో ఇక్కడే చెప్పేస్తాను: మందు పోశాక ఇంకో రెండు పోయాయి. పంతొమ్మిది నిలబడ్డాయి. ఇప్పుడు రెప్ప లాగి చూస్తే ఎర్రగా ఉంటున్నాయి, మంద మళ్ళీ బీడులోనే మేస్తోంది.

కానీ నా మనసులో నిలిచిపోయింది ఆ దవాఖానలో చివరి రెండు నిమిషాలు.

డాక్టరు చీటీ రాస్తూ తలెత్తాడు. పాతకాలం వాళ్ళ దగ్గర రోగాల పేర్లు అడగడం ఆయనకు సరదా. "దీన్ని మీరేమంటరవ్వా?" అన్నాడు.

ఆమె నా ముఖం చూసింది. ‘ట’ దగ్గర కొంచెం ఆగింది.

"నట్టల రోగం సారూ."

నా ప్రాణం ఉసూరుమంది. నత్తను తన చేత్తో ఏరింది, జలగను తన కళ్ళతో చూసింది, నాకన్నా ముందే మొత్తం దారి చెప్పేసింది. అయినా చదువుకున్న మనిషి అడిగేసరికి, వాళ్ళ నాయన ఇచ్చిన మాట లోపల పెట్టుకుని నేను దిద్దిన మాట బయటికి తీసింది. ఎండాకాలంలో వాకిట్లో నేను నవ్విన నవ్వు ఇంకా ఆమె గొంతులోనే ఉంది.

"కాదు సార్" అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది, బయట బెంచీ మీది వాళ్ళు ఇటు తిరిగారు. "నత్తల రోగం. ఒడ్డుకు తోలొద్దని ఆమె ఎండకాలంలనే చెప్పింది. నేనే నవ్విన, నేనే దిద్దిన. గొర్రెలు నావల్లనే సచ్చినయ్."

డాక్టరు కలం ఆగింది. అత్తమ్మ బల్ల కింద నా చెయ్యి పట్టుకుని నొక్కింది, ఊరుకొమ్మన్నట్టు. పరాయి వాళ్ళ ముందు నా పరువు పోతుందని ఆమె భయం.

"ఆమె సదువుకున్నది సారూ" అంది. "ఆమె చెప్పిందే రాయుండ్రి."

"అయితే నేను చెప్పిందే రాయండి సార్" అన్నాను. "నత్త. ‘త’ కింద ‘త’."

ఆయన రాశాడు. చీటీ ఆమె చేతికిచ్చాడు. చదవడం రాని ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నాకిచ్చింది.

"ఏం రాసిండు?"

"నత్తల రోగం" అని చదివాను.

"మల్లొకపారి సదువు" అంది.